ఏనుగు వరహా

ఒకానొక రాజ్యంలో రణశూర మహారాజు అని ఒకాయన ఉండేవాడు. మీసాలు బారెడు, గుండె బెత్తెడు. ఎంగిలి చేత్తో కాకిని తోలేవాడు కాదు. పాత రాజుల వంశం అంతరించాక ఆ సింహాసనం ఎక్కి, మీసాలతో సహా తన ముఖం అచ్చువేయించి కొత్త వరహాలు కొట్టించాడు.

పాత రాజుల నాణేలంటే మాత్రం ఆయనకు పిచ్చి. గంధపుచెక్క పెట్టెలో ఒక్కోదానికీ ఒక్కో గుంట తొలిపించి దాచుకునేవాడు. ఒకే ఒక్క గుంట ఖాళీ. అది పాత రాజులు ఏనుగు బొమ్మతో కొట్టించిన ఏనుగు వరహాది. దాని కోసం పొరుగుదేశపు వర్తకులు పళ్లెం నిండా బంగారం పోస్తామన్నా, ఎక్కడా దొరకలేదు.

ఒకనాడు నాగసానమ్మ అనే ముసలమ్మ ఆ వరహాతోనే సభకు వచ్చింది. దానికి పసుపూ కుంకుమా అంటి ఉన్నాయి.

"మా అత్తగారి అత్తగారి నాటి నుంచీ లక్ష్మీదేవి పీట మీద ఉన్నది నాయనా. ఎద్దుల జత కాస్తా రోగమొచ్చి పోయింది. తొలకరి ముంచుకొస్తోంది. అమ్మవారికి చెప్పుకుని తెచ్చాను. ఒక జత ఎద్దులొచ్చేంత ఇప్పించండి."

రాజుగారు మీసాల కింద నవ్వు దాచుకున్నాడు.

"ఇదా! అరిగిపోయింది కదే! పోనీ, పెద్దదానివి. వరహాకు వరహా ఇస్తా. కొత్తది, నా ముఖం ఉన్నది!"

"ఒక్క వరహాకి ఎద్దు తోకైనా రాదు కదయ్యా!"

రాజుగారు నాణేల పరీక్షకుడు సూరప్ప వైపు తిరిగాడు. "ఏమయ్యా, పోయినవాడి వరహా గొప్పదా, నాదా? నువ్వే చెప్పు."

సూరప్ప ఇరుకున పడ్డాడు. పాతది గొప్పదంటే తల దక్కదు. కొత్తది గొప్పదంటే ముసలమ్మ పొలం బీడుపడుతుంది. ఏనుగు వరహాను కళ్లకద్దుకుని, గోటితో మీటి విన్నాడు.

"తమ వరహా అంత చవకది లోకంలో లేదు ప్రభూ!"

"ఏం కూశావు?" అని గర్జించాడు రాజు.

"శుభమే పలికాను. ఈ ఏనుగుకు ఇంత గిరాకీ ఎందుకొచ్చింది? రాజు పోయాడు, వంశం పోయింది, టంకశాల మూతబడింది. అప్పుడు కదా ధర ఎక్కింది! తమ వరహాకీ అంత ధర పలకాలంటే..." అని నాలుక కరుచుకుని చెంపలు వేసుకున్నాడు. "అపచారం! తమది వెయ్యేళ్లు చవగ్గానే ఉండాలి. వరహాకు వరహా ఇచ్చారా, రెండు రాజ్యాల గతీ ఒకటేనని తమరే ఒప్పుకున్నట్టు. అదీ పూజలందుకున్న నాణెం సాక్షిగా!"

రాజుగారికి చెమట పట్టింది. "మరి... రెండిస్తే?"

"గండం గుమ్మందాకా వచ్చి ఆగుతుంది."

"పదిస్తే?"

"వీధి చివర్న కూర్చుంటుంది."

ఈలోగా నాగసానమ్మ కొంగు పట్టి, "నూరేళ్లు చల్లగా ఏలు నాయనా," అని దీవించింది.

"నూరా!" అన్నాడు రాజు. సూరప్ప భక్తిగా తల ఊపాడు. రాజుగారు మూలుగుతూనే నూరు వరహాలూ ఆమె కొంగులో పోయించాడు.

ఏనుగు వరహాను గుంటలో అమర్చాక గానీ ఆయనకు సంగతి తలకెక్కలేదు. ఎక్కాక మీసాలు ఊగేలా నవ్వాడు.

"ఒరే సూరప్పా! నా చేత్తోనే నా బొక్కసం తాళం తీయించావు కదరా! ఇదిగో, నీకూ ఒక వరహా. భద్రంగా దాచుకో."

"దాచుకోవడమా! ధర ఎప్పుడెక్కుతుందా అని కాచుక్కూర్చునే ద్రోహినా నేను? పొద్దుగూకేలోగా ఖర్చుపెట్టేస్తాను ప్రభూ!"

మహారాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ మరో గుప్పెడు విసిరాడు. వాటిలో ఒక్కటి కూడా సూరప్ప ఇంట తెల్లవారేదాకా నిలవలేదట!