నూకాలు మజ్జిగకి ఉప్పు తగ్గిందిట

రోళ్ళు పగిలే ఎండల్లో, ఇటుకబట్టీ పక్కన వేపచెట్టు కింద, నూకాలు అనే గేదె మజ్జిగ చలివేంద్రం పెట్టింది. పాలు తనవే, చిలికింది తనే. ఎలా చిలికిందని అడక్కండి, తోకతో చిలికింది. మూడు కుండల నిండా మజ్జిగ, అందులో దంచిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు. మధ్యాహ్నం దాకా ఇటుకలు మోసి, నాలుకలు పిడచకట్టుకుపోయి వచ్చే పది గాడిదలకి అదే ప్రాణాధారం. కిందటేడు ఇలాంటి ఎండకే ముసలి గాడిద పోలయ్య సొమ్మసిల్లి పడిపోయాడు. అప్పట్నుంచీ నూకాలుకి అదే బెంగ.

గాడిదలింకా రాకముందే నక్క జోగారావు దిగబడ్డాడు. మెళ్ళో తువ్వాలు, మొహమంతా పెద్దరికం.

"ఏవమ్మా నూకాలూ, పదిమందికీ పోసేముందు తెలిసినవాళ్ళ చేత రుచి చూపించావా?"

"లేదు బాబూ, నేనే..."

"నువ్వే! బాగానే ఉంది సంబడం! మజ్జిగంటే ఒంటికి చలవ, కడుపుకి హాయి. పాళ్ళు కుదరకపోతే ఆ గాడిదల గతేం కాను? ఇలా పట్రా."

నూకాలు కంగారుపడి గబగబా కుండ అందించింది. నక్క కుండంతా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, కాసేపు ఆకాశంలోకి చూసి, "ఉప్పు తగ్గింది" అన్నాడు.

పాపం, రెండో కుండలో ఉప్పు వేసిచ్చింది. అదీ గటగటా తాగేశాడు.

"ఇప్పుడెక్కువైంది. బెంగపడకు, నేనున్నాగా. ఆ మూడోది ఇలా తే."

నూకాలుకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఇచ్చిన పాలన్నీ దండగనిపించింది. కొమ్మమీద కాకి సుబ్బాయమ్మ ఇంక ఉండబట్టలేకపోయింది.

"ఓసి పిచ్చిమొహమా! బాగాలేనిదైతే కుండ అడుగు నాకుతాడటే?"

నూకాలు కాసేపు నెమరేసింది. గేదెకి ఆలోచన రావాలంటే టైము పడుతుంది, వచ్చిందంటే మాత్రం ఓ పట్టాన పోదు. మూడో కుండని మెల్లిగా వెనక్కి నెట్టింది.

"అయ్యా, మీలాంటి పెద్దల నోటికి ఈ మజ్జిగేం ఆనుతుంది? మా ఇంట్లో అసలైనది వేరే ఉంది, కుడితి. ఎప్పుడైనా పుచ్చుకున్నారా?"

నక్క జన్మలో కుడితి ఎరగడు. ఎరగనంటే పరువేం కాను?

"కుడితా! మా తాతగారు అది పుచ్చుకోకుండా కోర్టుకి బయల్దేరేవారే కాదు!"

"అయితే ఏమేం పడతాయో మీకు చెప్పాలా? బియ్యం కడుగు, తౌడు, వంకాయ తొడిమలు, మొన్నటి పులుసు..."

"మొన్నటిదేనా? మావాళ్ళు నాలుగు రోజులు ఊరబెట్టేవారు" అంటూ జోగారావు, నూకాలు ఇంట్లోంచి తెచ్చిపెట్టిన కుడితి తొట్టిలో మూతి పెట్టాడు.

పెట్టాక తెలిసింది. కళ్ళంట నీళ్ళు కారాయి. పైనుంచి కాకి చూస్తోంది. చేసేదిలేక గుటక వేశాడు.

"ఉప్పు ఎలా ఉంది బాబూ?"

"బ్రహ్మాండం! ఇంక రుచి చూసే పనే లేదు!"

"హమ్మయ్య! నా చేతిది ఒక్కటైనా నచ్చింది. చుక్క మిగిల్చారో, నచ్చలేదనుకుంటాను" అని నూకాలు కొమ్ములు రెండూ ఆయన వీపుకి ఆనించి, ఎంతో మర్యాదగా నిలబడింది.

తొట్టెడూ తాగాడు. తౌడు కడుపులో ఉబ్బి, నాలుగు కాళ్ళూ పైకెత్తి వేపచెట్టు కింద దొర్లసాగాడు. ఈలోగా నూకాలు మూడో కుండలోది మూడు కుండలకీ పంచి, రెండు బిందెల నీళ్ళు పోసి, పలచన చేసి, పదిమందికీ సరిపెట్టింది. పోలయ్య తాగి, కళ్ళు మూసుకుని, "ప్రాణం లేచొచ్చిందే తల్లీ!" అన్నాడు. నూకాలుకి ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పుడు చూశాడు పోలయ్య, దొర్లుతున్న నక్కని.

"అయ్యో, వడదెబ్బ! నాకూ కిందటేడు ఇలాగే అయింది. ఏదైనా పట్టించండర్రా!"

"వద్దు... వద్దు..." అని మూలిగాడు నక్క.

"సంధి మాటలు కూడా వచ్చేశాయి పాపం! అమ్మా నూకాలూ, ఈయన ఏం తాగుతాడు?"

"కుడితంటే ప్రాణం పెడతాడు నాయనా. ఇంటి వెనక ఇంకో తొట్టి నిండా ఉంది" అంది నూకాలు.

గాడిదలు జాలిగుండెవి. నలుగురు కాళ్ళు పట్టుకున్నారు, ఇద్దరు నోరు తెరిచారు, మిగతావాళ్ళు తొట్టి మోసుకొచ్చారు.

నీతి: దాహమున్నవాడు తాగి దీవిస్తాడు, దురాశ ఉన్నవాడు తాగి వంక పెడతాడు.