గోడ దాటిన మల్లెతీగ

పూర్వం ఒక ఊళ్ళో మునసబు గవర్రాజు దొడ్లో పెద్ద మల్లెపందిరి ఉండేది. ఎవరు కాళ్ళావేళ్ళా పడ్డా ఒక్క కొమ్మ ఇచ్చేవాడు కాదు. అందులో ఒక తీగ గోడ దాటి పక్కింటి పైడమ్మ పెరట్లోకి వాలింది. ఆవిడ నాలుగు పూలు కోసుకుందో లేదో, మునసబు పంచాయితీ పెట్టించాడు.

"వేరు ఎవరి దొడ్లో ఉంటే తీగ వాళ్ళది!" అని తీర్పు కూడా తనే చెప్పాడు.

"చిత్తం బాబూ," అంది పైడమ్మ. ఇంటికొచ్చి, ఆ తీగని వంచి, మధ్యభాగం మట్టిలో పూడ్చి, పైకి లేవకుండా రాయి పెట్టింది. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోసింది.

రెండు నెలలకి తీగ వేళ్ళు దిగాయి. మర్నాడే బుట్ట పట్టుకుని మునసబు పందిరి కిందికెళ్ళి, దర్జాగా పూలు కొయ్యడం మొదలెట్టింది.

"ఏమిటే ఈ దౌర్జన్యం?" అని అరిచాడు మునసబు.

"వేరు మా పెరట్లోనూ ఉంది బాబూ. తమరి తీర్పు ప్రకారం పందిరిలో నాకూ వాటా ఉంది."

మునసబు ఎగిరిపడి, కత్తి తెచ్చి, గోడ మీద తీగని ఒక్క వేటుకి నరికేశాడు.

"ఇటుది నాది, అటుది నీది! మళ్ళీ నా దొడ్లో అడుగుపెట్టకు!"

"ఇంకెందుకు పెడతాను బాబూ?" అంది పైడమ్మ, బుట్ట చంకన పెట్టుకుంటూ. "వేళ్ళు దిగాక తల్లితీగ నుంచి కోస్తేనే అది సొంత మొక్కవుతుంది. నేను కోస్తే దొంగతనమనేవారు. తమరే కోసిచ్చారు."