బండ ఏమంది?

ఏ రాజు కాలమో ఎవరికీ గుర్తులేదు గానీ, ఒక రాగి గనికి చెంగల్రాయుడని ఒక అధికారి ఉండేవాడు. మీసం బారెడు, బుర్ర చిటికెడు.

ఆ గనిలో ఓబులమ్మ పని ఒక్కటే. వెదురుకర్ర ఒక కొస బండకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వినేది. లోపల బండ కదిలి చిటపటమంటే "లేవండ్రా" అనేది. కూలీలంతా బయటికొచ్చేసేవాళ్లు. అలాగే బతికారు వాళ్లు.

"బండ మాట్లాడిందంటే నమ్మడానికి నేనేమన్నా వెర్రివాణ్ణా? పని ఎగ్గొట్టే నాటకాలు! ఇక బండ ఊసెత్తినవాళ్ల వీపు చీరేస్తా" అని హుకుం వేశాడు చెంగల్రాయుడు.

మర్నాడు పని చూడ్డానికి తనే గనిలోకి దిగాడు, గొడుగు పట్టేవాణ్ణి వెంటేసుకుని. లోపల ఎండెక్కడుందో ఆయనకే తెలియాలి.

ఓబులమ్మ కర్ర చెవికి పెట్టుకుంది. కాసేపు విని, నోరు మెదపకుండా లేచి బయటికి నడిచింది. కూలీలంతా ఆమె వెనకే లేచారు.

"ఏమయిందే? బండ ఏమంది?"

"చెబితే వీపు చీరేస్తామన్నారు కదా దొరా."

"ఆ హుకుం రద్దు! చెప్పి చావు!" అని అరుస్తూనే పరుగెత్తాడు. అందరికన్నా ముందు బయటపడ్డాడు. తలపాగా లోపలే పడిపోయింది.

"ఇప్పుడు చెప్పు, ఏమంది?" అన్నాడు రొప్పుతూ.

"ఏమీ అనలేదు దొరా. సంగటి వేళయిందని వచ్చాం. అయినా బండ మాట్లాడదన్నారుగా, తమరెందుకు పరుగెత్తారు?"

చెంగల్రాయుడు తలపాగా తెమ్మని గొడుగువాడి మీద కసిరాడు.

వాడు గని నోటి దగ్గర ఆగి, ఓబులమ్మ వైపు తిరిగాడు.

"పోవచ్చా అక్కా?"