పొడిసంచి రాజుగారు చీనా పట్నం వెళ్ళిన కథ

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికొక రాజు, ఆ రాజుగారికొక పొడిసంచి. నవ్వడం తర్వాత శశీ, ముందు ఊ కొట్టు. మీ చెల్లెలు కొడుతోంది చూడు.

రాజుగారి పేరు బుచ్చిరాయలు. మనసు మంచిదే. కానీ నడుముకు కత్తి ఉండవలసిన చోట వెల్లుల్లి దంచి కలిపిన కారప్పొడి సంచి ఒకటి వేలాడుతూ ఉండేదట. ఎవరు ఏది వడ్డించినా, ఇంకా నోట పెట్టుకోకముందే చెయ్యి నడుముకు పోయేది, సంచి మూతి విప్పేది, పళ్ళెమంతా ఎర్రబడేది. పాయసం ఒక్కటే తప్పించుకునేది. అదీ ఒకనాడు తప్పించుకోలేదని వంటవాళ్ళు గుసగుసలాడుకునేవారు.

ఆయన కోడలు వకుళ. చెయ్యి తిరిగిన పిల్ల. పొద్దుటినుంచి పొయ్యి దగ్గర నిలబడి, కాయ చెదరకుండా గుత్తివంకాయ వండి తెస్తే, మామగారు దాని మీద పొడి కుమ్మరించేవాడు. వకుళ గోడవైపు తిరిగి ఒక నిట్టూర్పు విడిచేది. పెద్దాయన, అందులోనూ రాజు. ఏమనగలదు చెప్పండి?

ఇలా ఉండగా ఒక ఏడు ఆ రాజ్యానికి పట్టునూలు రావడం ఆగిపోయింది. ఆ రాజ్యం బతికేదే మగ్గాల మీద. మగ్గం ఆడకపోతే సాలెవాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగదు. నూలంతా చీనా దేశపు మహాపట్నంలో మెయ్ అవ్వ అనే ముసలావిడ చేతిలో ఉంది. ఆవిడకొక పట్టింపు. తన ఊరి తిండిని మనసుపెట్టి తిన్నవాళ్ళతోనే బేరం, కాదన్నవాళ్ళకు పోగు కూడా ఇవ్వదు. రాజుగారే వెళ్ళి అడగాలి. చీనా వర్తకులు వకుళ పుట్టింట్లో విడిది చేసేవారు కనుక ఆ పిల్లకు వాళ్ళ మాట వచ్చు. అందుకని కోడల్ని వెంటబెట్టుకుని ఓడెక్కాడు.

ఓడలో వకుళ ఎంతో నెమ్మదిగా చెప్పింది. మామగారూ, అక్కడ మాత్రం ఆ సంచి విప్పకండి, మన సాలెవాళ్ళ బతుకు మీ చేతిలో ఉందంది. ఆయన అన్నిటికీ తల ఊపాడు. ఊపుతూనే సంచి ముడి ఇంకొంచెం గట్టిగా బిగించుకున్నాడు.

పట్నం చేరారు. ఎటు చూసినా ఆవిర్లు, వెదురు బుట్టల దొంతరలు. మీరు వీధి చివర బండి దగ్గర ఎగబడి తినే ఎర్ర మంచూరియా కాదర్రా. ఆ పట్నంలో దాని పేరే ఎవరూ ఎరగరు.

మెయ్ అవ్వ నడివీధిలోనే పీటలు వేయించి మొదట బాతు పెట్టించింది. పండ్లచెట్ల కట్టెల మంట ముందు వేలాడదీసి కాల్చినది. చర్మం అప్పడంలా పెళపెళలాడుతుంది. పలచని రొట్టెలో ఉల్లికాడలు పెట్టి, తియ్యటి నల్లముద్ద రాసి, చుట్టి ఇచ్చారు. రాజుగారు రొట్టె విప్పాడు. చెయ్యి నడుముకు పోయింది, సంచి మూతి విప్పింది, పళ్ళెమంతా ఎర్రబడింది. అవ్వ రెండో వంటకం తెమ్మని సైగ చేసింది.

తర్వాత చిన్న చిన్న మూటల్లాంటి కుడుములు. లోపల వేడి రసం ఉంటుంది. అంచు కొరికి, రసం జుర్రుకుని, అప్పుడు తినాలని వకుళ చెవిలో చెప్పింది. ఆయన మూటను నిలువునా చీల్చాడు. రసమంతా జుబ్బా చేతుల్లోకి పోయింది. చెయ్యి నడుముకు పోయింది, సంచి మూతి విప్పింది, పళ్ళెమంతా ఎర్రబడింది. ఊ కొడుతున్నారా?

మూడోది, సోయాపాలు విరిచి చేసిన మెత్తటి ముక్కలు. మిరప నూనెలో తేలుతూ అప్పటికే ఎర్రగా ఉన్నాయి. పైన నాలుకను తిమ్మిరెక్కించే ఒక రకం మిరియాలు. దీనికైనా అక్కరలేదు కదా అనుకుంది వకుళ. ఎరుపు మీద మళ్ళీ ఎరుపు పడింది. వకుళ గోడకోసం వెతికింది. నడివీధిలో గోడ ఎక్కడుంటుంది?

మర్నాడు పొద్దున్నే అవ్వ వాళ్ళను అట్ల బండి దగ్గరికి తీసుకుపోయింది. పెసరపిండి జారుగా పోసి, గుడ్డు కొట్టి, ఉల్లికాడలు చల్లి, మధ్యలో కరకరలాడే వేపుడు రేకు పెట్టి మడిచి ఇస్తారు. ఆ వాసనకు రాజుగారి కళ్ళు చెమర్చాయి. అమ్మాయీ, ఇది మన పెసరట్టే అన్నాడు. వకుళ ప్రాణం లేచివచ్చింది. అంతలోనే లోపల ఉప్మా ఏదని అడిగాడు. ఆ పైన చెయ్యి నడుముకు పోనే పోయింది.

అవ్వ లేచి నిలబడింది. మీ మామగారు ఇంత దూరం వచ్చి మీ ఊరి రుచే తిన్నారు, రేపు ఓడెక్కండని వకుళతో అని వెళ్ళిపోయింది. రాజుగారికి అంతుబట్టలేదు. ఏదీ వదల్లేదే, పళ్ళెం తుడిచినట్టు తిన్నానే అని బాధపడ్డాడు. ఇటువంటి మనిషికి ఏ భాషలో చెప్పాలో తెలియక వకుళ బండి పక్కనే కూలబడింది. అలా కూర్చుని ఉండగా ఉప్మా మాట మళ్ళీ మనసులో మెదిలింది. దానితోపాటే ఇంకొకటీ తట్టింది. అవ్వ నడుముకూ ఒక చిన్న కుండ వేలాడుతూ ఉంటుంది. అందులో బియ్యం పులియబెట్టి తీసిన నల్లటి పుల్లనీళ్ళు. ఆవిడ ఏ వంటకం దగ్గర కూర్చున్నా ఆ కుండ వంగడం వకుళ చూసింది.

వెంటనే అవ్వకు కబురు పెట్టింది. తిన్న ఊరికి తినిపించి వెళ్ళడం మా ఆచారం, ఒక్కసారి రమ్మంది. ఉప్మా కోసం ఓడలో తెచ్చుకున్న రవ్వ వేయించే పని మామగారికే అప్పగించింది. ఆయన వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న తీరున, సెగ తగ్గించి, ఒక్క పలుకూ మాడకుండా వేయించాడు. జీడిపప్పు తానే ఏరి వేశాడు. వడ్డన కూడా ఎవరికీ ఇవ్వలేదు.

అవ్వ పీట మీద కూర్చుంది. చెయ్యి నడుముకు పోయింది, కుండ మూత తీసింది, పళ్ళెమంతా నల్లబడింది.

రాజుగారు గరిటె పట్టుకునే లేచాడు. "అదేమిటమ్మా, ఒక్క ముద్దైనా నోట పెట్టకుండానే? దాని రుచేమిటో మీకు తెలియాలి కదా."

ఆయన ఏమంటున్నాడని అవ్వ అడిగింది. వకుళ ఒక్క మాటా పోనివ్వకుండా, ఒక్క మాటా కలపకుండా, నిదానంగా చీనా మాటలో చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె చూపు మామగారి నడుము మీదే ఉంది. ఆ చూపు వెంటే అవ్వ చూపూ పోయింది. చివరికి రాజుగారూ తల వంచి చూసుకున్నాడు. గరిటె కింద పెట్టాడు. సంచి ముడి విప్పబోతే రాలేదు, ఏళ్ళ తరబడి బిగుసుకుపోయింది మరి. వకుళే కత్తిపీట తెచ్చి కోసింది.

అవ్వ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తన కుండా విప్పి ఆ సంచి పక్కనే పెట్టి, ఇంకొక పళ్ళెం ఉప్మా అడిగి ఉత్తదే తింది. సగం అయ్యాక మళ్ళీ పుల్లనీళ్ళు పోసుకుందనుకోండి, కానీ రుచి చూశాకే.

ఆ సాయంత్రం రాజుగారు బాతు దగ్గరినుంచి అన్నీ మళ్ళీ వరుసగా తిన్నాడు. మిరియాల ముక్కలకు నాలుక తిమ్మిరెక్కి చాలాసేపు మాట పడిపోయింది. వకుళకు ఆ ప్రయాణంలో అంత హాయి ఇంకెప్పుడూ దొరకలేదట. ఓడ నిండా పట్టునూలు వచ్చింది, మగ్గాలు ఆడాయి, సాలెవాళ్ళ ఇళ్ళలో పొయ్యిలు వెలిగాయి.

ఇంటికొచ్చిన మర్నాడు వకుళ గుత్తివంకాయ చేసింది. రాజుగారు ఉత్త చేత్తో ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుని, మెల్లగా నమిలాడు. "అమ్మాయీ, ఇన్నేళ్ళూ ఇది ఇంత బాగుండేదా?" అన్నాడు. వకుళ మనసు నిండింది. "ఉప్పే కాస్త తక్కువైనట్టుంది" అన్నాడు. వకుళ గోడవైపు తిరిగింది.

కాబట్టి నాయనా, ఎవరింటికి పోయినా, ఏ పట్నం పోయినా మొదటి ముద్ద వాళ్ళ చేతి రుచిది. రెండోది మీ ఇష్టం. ఈ పూట నేను చేసిన ఉప్మా మీద ముట్టుకోకముందే టమాటా సాసు పోసుకున్నదెవరో నేను చెప్పను, శశీ. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి. ఆ సీసా ఎక్కడ దాచానని మాత్రం అడక్కండి.