బఠాణీ పాదు కర్ర

మఠంలో కుర్ర భిక్షువు రియోసెన్‌కి మూడేళ్లుగా ఒకటే గోల. మఠం వెనక నిలబడి రోజంతా పొగ వదిలే ఆ పవిత్ర అగ్నిపర్వతం ఎక్కాలి. జపాన్‌లో ఆ మూలన ఎవరు ఎక్కాలన్నా ముందు గురువు సరేననాలి. వాడి గురువు హకుదో మాత్రం ఆ మాట అనడం లేదు.

మనవాడి ఏర్పాట్లకు మాత్రం లోటు లేదు. తెల్ల బట్టలు కుట్టించుకున్నాడు. ఆరు జతల గడ్డి చెప్పులు అల్లుకున్నాడు. ఆ కొండ ఎక్కేవాళ్లు చేతికర్ర పట్టుకెళ్తారు. దారిలో ఎనిమిది మజిలీలు; మజిలీకో ముద్ర కర్ర మీద కాల్చి వేస్తారు. ఎనిమిదోది శిఖరానిది. దిగొచ్చాక కర్రని పడక పైన గోడకు తగిలించుకోవడం మఠంలో ఆనవాయితీ. రియోసెన్ అందుకు మేకు కూడా కొట్టేసుకున్నాడు.

ప్రతి వేసవిలోనూ అడిగేవాడు. "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవారు గురువుగారు.

మూడోసారి ఆ మాట విన్నాక వాడి బుర్రలో పురుగు తొలిచింది. ముసలి భిక్షువులందరి గోడలకీ కర్రలున్నాయి. మరి ఈయనకో? ఊడ్చే నెపంతో గురువుగారి గదిలో దూరి నాలుగు గోడలూ చూశాడు. చాప ఎత్తి చూశాడు. అలమర వెనక చెయ్యి పెడితే సాలెగూడు తగిలింది.

వంటవాడు తెస్సాయ్‌ని పట్టుకున్నాడు. "గురువుగారు కొండెక్కడం నువ్వెప్పుడైనా చూశావా?"

"నేను చూసేది పొయ్యినే, స్వామీ. ఆయన ఉప్పు తక్కువ తింటారు. అదొక్కటి చెప్పగలను."

వీడి నోరు కూడా కట్టేశారన్నమాట, అనుకున్నాడు రియోసెన్.

మర్నాడు పొద్దున్నే మూట కట్టుకుని పెరట్లోకి వచ్చాడు. జవాబు నచ్చకపోతే వేరే గురువుని వెతుక్కోవడమే.

"గురువుగారూ, మీ కర్ర ఏది?"

హకుదో కలుపు తీస్తూ తలెత్తలేదు. "ఏ కర్ర?"

"కొండెక్కిన కర్ర. ఎక్కి ఉంటే."

"అందుకా, చాప కింద కూడా ఊడ్చావు?"

రియోసెన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా మూట దించలేదు.

"ఆ మూల బఠాణీ పాదు ఎండిపోయింది," అన్నారు గురువుగారు. "తీగ లాగెయ్. కర్ర కూడా పుచ్చినట్టుంది, పీకెయ్."

మాట దాటేస్తున్నారు అనుకుంటూనే వెళ్లాడు. మూడేళ్లుగా ఆ పాదుకి నీళ్లు పోసిందీ వాడే, తీగని పాకించిందీ వాడే. తీగకి పట్టు దొరకాలని కర్ర నిండా గడ్డితాడు చుట్టి ఉంటుంది.

తీగ లాగితే తాడూ ఊడొచ్చింది. కింద నల్లగా కాల్చిన ముద్ర. ఇంకాస్త లాగాడు. మరొకటి. నేల దాకా విప్పి లెక్కపెట్టాడు.

"ఏడే ఉన్నాయి," అన్నాడు. అనుమానం అంత తేలిగ్గా చావదు కదా.

"పీకమన్నానుగా."

పీకాడు. కర్రని తలకిందులుగా పాతారు. కొసన అంటిన తడిమట్టిని బొటనవేలితో తుడిచాడు. ఎనిమిదోది అక్కడుంది.

రియోసెన్ ఆ గుంట పక్కనే కూర్చుండిపోయాడు.

గురువుగారు కలుపు పారబోసి వచ్చి మూట వైపు చూశారు. "మూట ఎలాగూ కట్టావు. కొండకే బయల్దేరు. నీ కర్ర మాత్రం దారిలో పారేసుకోకు. పాదుకి కర్ర లేకుండా పోయింది."

రియోసెన్ లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్లాడు.

"తెస్సాయ్, మేకు పీకడానికి పటకారు ఏమైనా ఉందా?"