పైడిరాజు రాసిన జాబితా

సన్యాసిరావు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. విజయనగరంలో ఆయన మేడగదికి వెళ్ళి సాఫ్ట్‌వేర్ నేర్చుకునే మా ముగ్గురికీ ఇది అలవాటైపోయింది.

ఆ ఏడు మాలో పైడిరాజు ఒక మంచి పని నెత్తికెత్తుకున్నాడు. పాటలకు స్వరాలు రాసుకునే ప్రోగ్రాం ఒకటి ఉంది. ఎవరో పుణ్యాత్ములు రాసి, ఎవరైనా వాడుకోండని లోకానికి వదిలేశారు. అది లినక్స్ కంప్యూటర్ల కోసం పుట్టింది. దాన్ని మా ఊరి సంగీత పాఠశాలలో ఉన్న పాత విండోస్ కంప్యూటర్ల మీద నడిపించాలని ఐదు నెలలు తిండీ నిద్రా మరిచి కష్టపడ్డాడు. అలాంటి ప్రోగ్రాం ఒంటరిగా బతకదు. అక్షరాలు పేర్చడానికి ఒక లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన తోడు ప్రోగ్రాం, గీతలు గియ్యడానికి ఇంకొకటి, ఇలా ఇరవై మూడు లైబ్రరీల సాయం కావాలి. వాటన్నిటికీ పైడిరాజు ఒక జాబితా రాశాడు.

వాడి కంప్యూటర్లో స్వరాలు ముత్యాల్లా వచ్చాయి. పాఠశాలలో మాత్రం, పై స్థాయి అని చెప్పడానికి స్వరం నెత్తిన పెట్టే చుక్కలన్నీ జారి కింది వరసలో పడ్డాయి, చూరు నుంచి వాన చినుకులు రాలినట్టు. నాకు అందంగానే కనిపించింది గాని ప్రిన్సిపాల్ గారికి కనిపించలేదు.

"సోమవారానికి ఇది బాగవకపోతే ఈ నాలుగు కంప్యూటర్లూ టైపు క్లాసుకి పంపించేస్తాను" అన్నారావిడ.

పైడిరాజు మొహం వేలాడేసుకుని మేడ ఎక్కాడు. మాస్టారు జాబితా చూసి, "పేర్లున్నాయి. రాసినవాళ్ళు మార్చినప్పుడల్లా పెరిగే వెర్షన్ నంబర్లు పక్కన లేవేం?" అన్నారు.

"పేరు చాలదా మాస్టారూ? ఆ లైబ్రరీలన్నీ అక్కడా ఉన్నాయి, చూసొచ్చాను. నంబర్లెందుకు? పెళ్ళికి జాతకాలు చూస్తున్నామా ఏటి?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "శనివారం సాయంత్రం ఆ పాఠశాల హాల్లోనే మా అక్క హరికథ ఉంది. పక్కవాద్యాలు కావాలి. ఏమేం కావాలో నువ్వే రాసుకుని నువ్వే కుదుర్చు" అన్నారు.

అడిగినదేమిటి, చెప్పినదేమిటి! పైడిరాజు గొణుక్కుంటూనే కాగితం తీసి 'వయొలిన్, మృదంగం' అని రాసి, అరగంటలో ఇద్దరినీ కుదిర్చి వచ్చాడు.

శనివారం హాలు నిండింది. మాస్టారి అక్క అప్పలనరసమ్మ భాగవతారిణి అరవై ఏళ్ళ మనిషి. కాళ్ళకు గజ్జెలు, మెడలో పూలదండ, చేతిలో చిడతలు. కథ ఒక రాకుమారి కల్యాణం. ఆవిడ ఆడగొంతుకు తగ్గ ఎత్తైన ఐదు శ్రుతిలో గొంతెత్తింది. ఆ గొంతు పావురంలా ఎగిరి పైకప్పు దాకా వెళ్ళింది. గౌరునాయుడి మృదంగం భూమి అడుగు నుంచి 'ధిం' అంది. అది మగవాళ్ళ పాటకు వాయించే తగ్గు శ్రుతి మృదంగం. పాపం, రాయి పుచ్చుకుని అంచు మీద కొట్టి కొట్టి శ్రుతి పెంచడానికి చూశాడు. ఇంకొక్క దెబ్బ కొడితే తోలు పగిలిపోద్దన్నాడు.

భాగవతారిణి చిడతలు ఆపింది. "నాయినా, నేను మేడ మీదున్నాను, నువ్వు నూతిలో ఉన్నావు. ఈ పెళ్ళి ఎక్కడ చేద్దాం?"

హాలంతా ఘొల్లుమంది. ఇక లాభం లేదని ఆవిడే శ్రుతి దించుకుని నూతిలోకి దిగింది. ఆ గొంతులో రాకుమారి సిగ్గుపడుతూ ఒక పద్యం పాడింది. ముందు వరసలో ఒక ముసలమ్మ పక్కావిడని పొడిచి, "రాక్షసుడు అప్పుడే వచ్చీసేడేటే?" అని అడిగింది.

పైడిరాజు వంగుని వంగుని వేదిక పక్కకు చేరాడు. "మృదంగం తెమ్మంటే ఇదేటి బాబాయ్?"

"ఇది మృదంగం కాక గుమ్మడికాయేటిరా? మృదంగం అన్నావు, తెచ్చాను. పాడేది ఆడమనిషని గాని, ఫలానా శ్రుతని గాని అన్నావా? ఆవిడకి సరిపోయేది మా ఇంట్లో మంచం కింద ఉంది."

పైడిరాజు సైకిలెక్కాడు. పోయి రావడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. మేళం లేకుండా తాళి కట్టించడం భాగవతారిణికి ఇష్టం లేదు. అందుకని పెళ్ళికొడుకు చేతికి తాళి ఇచ్చి అలాగే నిలబెట్టి, అంతసేపూ సంసారంలో కష్టాలు ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. రెండో మృదంగం వచ్చాకే ఆ మూడు ముళ్ళూ పడ్డాయి. అప్పటికి పెళ్ళికొడుకు మనసు మార్చుకోలేదంటే గొప్పే.

ఆదివారం పైడిరాజు తెల్లారకముందే లేచాడు. తన కంప్యూటర్ ముందు కూర్చుని ఇరవై మూడు పేర్ల పక్కనా నంబర్లు రాశాడు. ఆ కాగితం పట్టుకెళ్ళి చూస్తే, పాఠశాలలో అక్షరాలు పేర్చే లైబ్రరీ పేరుకి అదే గాని నాలుగేళ్ళ పాతది. దాన్ని మార్చాడు.

సోమవారం ప్రిన్సిపాల్ గారు తానే కూర్చుని ఒక వర్ణం స్వరాలు టైపు కొట్టి చూశారు. చుక్కలన్నీ స్వరాల నెత్తిన బుద్ధిగా నిలబడ్డాయి. టైపు క్లాసు మేష్టారికి వెంటనే కబురు పంపారు, కంప్యూటర్ల కోసం రావద్దని.

పైడిరాజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. "మాస్టారూ! జాబితా పూర్తయిపోయింది. ఇంక దీన్ని ఎప్పుడూ ముట్టుకోనక్కర్లేదు!"

మాస్టారు కాగితం అందుకుని ఒక్కో నంబరూ వేలు పెట్టి చదివారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి వాడికి ఇచ్చారు.

"కింద ఇవాళ్టి తేదీ వెయ్యి నాయనా."