మూడొందల తాంబూలాలు

పక్క రాజ్యపు రాజు రోజుకు యాభై మంది వార్తాహరుల మాట వింటాడట. ఆ సంగతి చెవిన పడగానే మణిశైలం రాజు వీరకేతుడికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"యాభై కూడా ఒక లెక్కేనా? ఏ ఊరి నుంచి ఎంతమంది వచ్చినా నేను వింటాను. వాకిట్లో ఒక్కణ్ణీ ఆపడానికి వీల్లేదు!" అని చాటింపు వేయించాడు.

వార్తల అధికారి శ్రీపాదయ్య "ఆహా, చెవులంటే ప్రభువులవే!" అని చప్పట్లు కొట్టాడు. వాకిలి కాపలా ఓబన్న మాత్రం కూటం వైపోసారి, వీధి వైపోసారి చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఆ వాకిట్లో నిలబడ్డవాడు, కొలువుకూటంలో ఎంతమంది పడతారో అతనికి తెలియదూ?

అనుకున్నంతా అయింది. గేదెకు కవల దూడలు పుట్టాయని ఒకడు, కరణంగారి గుర్రం అలిగిందని ఒకడు, జనం బిలబిలా వచ్చిపడ్డారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పోతే బాగానే ఉండును. కానీ ఆ కొలువులో ఒక ఆనవాయితీ ఉంది. రాజు తన చేత్తో తాంబూలం ఇస్తేనే సెలవిచ్చినట్టు. అంతవరకూ ఎవరూ లేవకూడదు. ఆ గోలలో రాజుగారు తాంబూలం మాటే మరిచిపోయాడు.

ఇంకేం, ఎక్కడివాళ్ళు అక్కడే చతికిలబడ్డారు. వేళకు వంటశాల నుంచి పులిహోర, బూరెలు వస్తుంటే ఎవడికి తొందర? ఊరికే తింటే బాగుండదని గంటకోసారి లేచి, "ప్రభూ, మా ఊళ్ళో కొత్త విశేషాలేం లేవు!" అని ఒకడు అరిచేవాడు. "మా ఊళ్ళోనూ లేవు!" అని ఇరవై గొంతులు లేచేవి.

పది రోజులకు లోపల మూడొందల మంది. బయట వరస బజారు దాకా పాకింది. శ్రీపాదయ్య ఊరుకున్నాడా? "వాకిలి చాలడం లేదు ప్రభూ" అని గోడ పగలగొట్టించి మరో రెండు వాకిళ్ళు పెట్టించాడు. తోపులాట మూడింతలైంది. రాజుగారు చెవుల్లో దూది కుక్కుకున్నాడు.

పదకొండో రోజు పొద్దున్నే రాజు ఓబన్న మీద విరుచుకుపడ్డాడు.

"మా అమ్మాయికి నెలలు నిండి వారమైంది. పురుడు మేమే పోస్తామన్న వియ్యాలవారి నుంచి కబురు లేదు. నువ్వే ఎవణ్ణో ఆపేసి ఉంటావు!"

"రామ రామ! నేనెందుకు ఆపుతాను మహారాజా? వీధిలో నాలుగొందల మంది నిలబడ్డారు. తమరి ముందుకొచ్చేదాకా నోరు విప్పకూడదని తమరి ఆజ్ఞేనాయె. ఏ ఊరు బాబూ అన్నా ఒక్కడూ చెప్పడు."

శ్రీపాదయ్య సన్నగా నవ్వాడు. "పెద్దవాడైపోయాడు ప్రభూ, ఇక చేతకాదు. మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు."

"రేపు మధ్యాహ్నంలోగా ఈ గోల అణగాలి ఓబన్నా. అయితే ఒక్కణ్ణీ పొమ్మనకూడదు, ఒక్కణ్ణీ నోరు మూసుకోమనకూడదు. చాటింపు వేయించి మాట తప్పానంటే పక్క రాజు నవ్వుతాడు. నీ వల్ల కాలేదా, ఆ కాపలా కర్ర శ్రీపాదయ్య బావమరిదికిచ్చి ఇంటికి నడువు" అన్నాడు రాజు.

ఓబన్నకు ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. "ఈ వయసులో నాకు ఇంకెవరిస్తారే పని? ఆ వాకిలి తప్ప నాకేం తెలుసు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. భార్య అక్కమ్మ కాసేపు విన్నది, ఇంకాసేపు విన్నది, ఇక వినలేక తమలపాకు చిలకలు చుట్టి అతని నోట్లో కుక్కింది.

"ముందిది నములు. తర్వాత ఏడుద్దువుగాని."

ఓబన్న నమిలాడు. నములుతూ నములుతూ ఉన్నట్టుండి లేచి ఆకుల కొట్టుకు పరిగెత్తాడు.

మర్నాడు కొలువులోకి ఆరు గంపలు వచ్చాయి. నిండా తాంబూలాలే.

"ఇదేమిట్రా?" అన్నాడు రాజు.

"ఇంత దూరం వచ్చినవాళ్ళకు మర్యాద చెయ్యొద్దా ప్రభూ? తమరి చేత్తో తలా ఒకటి ఇవ్వండి."

శ్రీపాదయ్య అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. "వార్తలకు అధికారిని, మొదటిది నాకే!" అని గంపలోకల్లా పెద్దది ఎంచి రాజు చేతికిచ్చి, మళ్ళీ తను పుచ్చుకుని రెండు బుగ్గల్లోనూ దోపుకున్నాడు. రాజుగారి చేతి తాంబూలం కదా, మిగతావాళ్ళూ ఎగబడి పుచ్చుకున్నారు.

నోట్లో తాంబూలం పెట్టుకుని రాజు ముందు మాట్లాడితే తుంపర్లు పడతాయి. అంతకన్నా అపచారం లేదు. మూడొందల మందీ మూతులు బిగించారు. కూటంలో నమలడం తప్ప చప్పుడు లేదు. రాజు చెవుల్లోంచి దూది తీసేశాడు.

ఓబన్న వీధిలోవాళ్ళ వైపు తిరిగి, "ఇక ఒక్కొక్కరే లోపలికొచ్చి చెప్పండి నాయనా!" అన్నాడు.

మొదటివాడు తమ ఊళ్ళో వంకాయలు బాగా కాశాయన్నాడు. రెండోవాడు వస్తూనే వంగి దణ్ణం పెట్టాడు.

"మహారాజా! తమరు తాతగారయ్యారు! అమ్మాయిగారికి ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. నాలుగు రోజులుగా వీధిలోనే నిలబడి ఉన్నానండీ!"

రాజు సింహాసనం దిగి వచ్చి ఆ వార్తాహరుణ్ణి కావిలించుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాక అనుమానం వచ్చింది.

"బాగానే ఉంది ఓబన్నా. కానీ నమలడం కాగానే వీళ్ళంతా మళ్ళీ మొదలెడతారుగా?"

ఓబన్న చేతులు కట్టుకున్నాడు.

"ఎలా మొదలెడతారు మహారాజా? తమరి చేతి తాంబూలం పుచ్చుకున్నారంటే అందరూ సెలవు పుచ్చుకున్నట్టే కదా!"

మూడొందల దవడలు ఒక్కసారి ఆగిపోయాయి. కాదందామంటే నోరు నిండుగా ఉంది. ఒక్కొక్కరే దణ్ణం పెట్టి బయటికి నడిచారు. శ్రీపాదయ్య మాత్రం "మ్... మ్మ్!" అంటూ చేతులు తిప్పుతున్నాడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలో హారం తీసి ఓబన్న మెడలో వేశాడు. "ఇకనుంచి వార్త చెప్పడం, తాంబూలం పుచ్చుకోవడం, వెంటనే వెళ్ళడం. ఆ గంప నా పక్కనే ఉండాలి" అన్నాడు. తర్వాత శ్రీపాదయ్య వైపు తిరిగాడు.

"మొదటి సెలవు అడిగి మరీ పుచ్చుకున్నది నువ్వేనయ్యా! వెళ్ళు, మా వియ్యాలవారికి నా సంతోషం చెప్పి రా. వాళ్ళు తాంబూలం ఇచ్చేదాకా మాత్రం అక్కణ్ణుంచి లేవకు!"